సీటీయా, ఎంఆర్‌ఐయా, ఈఈజీయా? జబ్బు ఎంత వేగంగా వచ్చిందో ముందు చూడండి

“పెద్ద స్కానింగే రాసేయండమ్మా, డబ్బుల సంగతి తరవాత చూసుకుందాం.” ఈ మాట వారంలో నాలుగైదుసార్లు నా చెవిన పడుతుంది. నేను డాక్టర్ని కాదు. కోనసీమలో ఒక న్యూరాలజిస్టుగారి దగ్గర 18 ఏళ్లుగా ఈఈజీ, నరాల కండక్షన్ పరీక్షలు చేస్తున్న టెక్నీషియన్ని. మందు రాసే అర్హత నాకు లేదు. కానీ తలకో నరాలకో ఏదో అయిందని భయపడి, కౌలు డబ్బులో చీటీ డబ్బులో పట్టుకుని వచ్చినవాళ్లు అక్కర్లేని పరీక్షకి ముందు పరిగెత్తి, కావలసిన పరీక్షకి ఆలస్యంగా రావడం ఇన్నేళ్లుగా చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పరీక్షల్లో పెద్దదీ చిన్నదీ అంటూ లేదు. గోడ ఎక్కడ బీటలిచ్చిందో మేస్త్రి చెప్తాడు. కరెంటు ఎందుకు పోయి పోయి వస్తోందో చూడాలంటే కరెంటు పనాయన రావాలి. సీటీ, ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తాయి: రక్తం కారిందా, గడ్డ ఉందా, ఎక్కడైనా దెబ్బతిందా అని. ఈఈజీ మెదడులో నడిచే విద్యుత్తుని గీతలుగా రాస్తుంది. నరాల కండక్షన్ పరీక్ష (ఎన్‌సీఎస్ అంటారు) కాళ్లూ చేతుల నరాల్లో సంకేతం ఎంత వేగంగా, ఎంత బలంగా వెళ్తోందో కొలుస్తుంది. నడుం దగ్గర సూదితో తీసే వెన్నునీరు మెదడువాపు, మెదడు పొరల ఇన్ఫెక్షన్ లాంటివి పట్టిస్తుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

వచ్చినవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “ఎప్పుడు మొదలైందండీ? నిమిషాల్లో వచ్చిందా, రోజుల్లోనా, నెలలు పట్టిందా?” ఏ పరీక్ష అన్నదానికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నిమిషాల్లో వస్తే

మా నాన్న సంగతి చెప్తాను. ఒకరోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయాడు. “ఏంటి నాన్నా?” అంటే మాట ముద్దగా వచ్చింది. నేను అప్పటికి ఈ పనిలో కొత్త. తెలిసినాయన ఒకరు “ముందు ఎంఆర్‌ఐ తీయించేసి, ఆ ఫిల్ము పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, టైమ్ కలిసొస్తుంది” అన్నారు. స్కానింగ్ సెంటర్లో మా ముందు ఇద్దరున్నారు. మా వంతు వచ్చి, ఫిల్ము చేతికొచ్చి, ఆసుపత్రికి చేరేసరికి ఐదు గంటలు దాటిపోయింది. స్కాన్ చాలా బాగా వచ్చింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మాత్రం గడువు దాటిపోయింది.

ఆ గడువు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే సీటీకీ ఎంఆర్‌ఐకీ తేడా బాగా అర్థమవుతుంది. పక్షవాతంలో గడ్డని కరిగించే ఆల్టెప్లేస్ మందు 3 గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన ట్రయల్ తేల్చింది. 2008లో యూరప్‌లో జరిగిన ట్రయల్ ఆ గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది. అదే మందు, మెదడులో రక్తం కారుతున్న మనిషికి ఇస్తే ప్రాణం తీస్తుంది. కాబట్టి ఆ సమయంలో డాక్టరుకి కావలసింది ఒకే ఒక్క జవాబు: లోపల రక్తం ఉందా, లేదా? అది సీటీ కొద్ది నిమిషాల్లో చెప్పేస్తుంది.

ఎంఆర్‌ఐ గొప్పది కాదా అంటే, గొప్పదే. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, పక్షవాతం అనుమానంతో వచ్చిన 356 మందికి రెండు స్కాన్‌లూ తీశారు. రక్తం అందక వచ్చిన కొత్త పక్షవాతాన్ని ఎంఆర్‌ఐ 164 మందిలో చూపిస్తే, సీటీ 35 మందిలోనే చూపించింది. రక్తస్రావాన్ని పట్టడంలో రెండూ ఇంచుమించు సమానం. ఈ అంకెలు చదివినవాళ్లు “మరి ఎంఆర్‌ఐయే తీయించాలి కదా” అంటారు. మందు ఇవ్వడానికి పక్షవాతం మచ్చ స్కాన్‌లో కనబడి తీరాలని లేదండీ. రక్తం లేదని తేలి, లక్షణాలు స్పష్టంగా ఉంటే చాలు. “సీటీ నార్మల్ వచ్చింది, ఏం లేదన్నారు” అని మనిషిని ఇంటికి తీసుకుపోయినవాళ్లు ఉన్నారు. మొదటి గంటల్లో సీటీ నార్మల్‌గా ఉండటం ఆ మందుకి అనుమతి లాంటిది. పక్షవాతం లేదనడానికి అది సాక్ష్యం కాదు.

అంతకన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఇంకోటుంది: గ్లూకోమీటర్‌తో షుగర్. షుగర్ బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే చెయ్యి పడిపోవచ్చు, మాట తడబడవచ్చు. నిమిషం పని. షుగర్ మందులు వాడేవాళ్లున్న ఇంట్లో ఆ మిషను పనిచేస్తోందా, స్ట్రిప్పులు ఉన్నాయా చూసుకోండి. సరిగ్గా మింగలేని మనిషి నోట్లో మాత్రం పంచదార నీళ్లు పోయకండి. ఆస్పిరిన్ కూడా స్కాన్ కాకముందు ఇంట్లో వేయకండి.

కాబట్టి ఇక్కడ మనం ఎంచుకోవలసింది ఆసుపత్రిని. రాత్రీ పగలూ సీటీ నడుస్తుందా, ఆ ఇంజెక్షన్ స్టాకులో ఉందా, ఇచ్చే డాక్టరు ఉన్నారా అన్న మూడు ప్రశ్నలకీ అవునని చెప్పే చోటికే వెళ్లాలి. మనది ఏటిపాయల మధ్య ఊళ్లు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం నిలబడే బదులు చించినాడ వంతెన మీదుగా పోవడమే మేలా, ముమ్మిడివరం వాళ్లు యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లాలా, అమలాపురంలోనే చూపించాలా అన్నది జబ్బు వచ్చాక లెక్కేసుకునే సంగతి కాదు. 108కి ఫోన్ చేసి పక్షవాతం అనుమానమని స్పష్టంగా చెప్పండి. చివరిసారి మనిషి మామూలుగా ఎప్పుడున్నాడో గుర్తుపెట్టుకోండి, గడియారం అక్కడినుంచే మొదలవుతుంది. నిద్రలో వచ్చినా, ఆలస్యమైనా ఆశ వదులుకోకండి. పెద్ద రక్తనాళం మూసుకుపోయినవాళ్లలో కొందరికి, ప్రత్యేక స్కాన్‌లు చూసి ఎంపిక చేస్తే, 24 గంటల వరకు తీగతో గడ్డ లాగేయడం పనికొస్తుందని 2018లో తేలింది. అది పెద్ద సెంటర్లలోనే చేస్తారు.

ఎంఆర్‌ఐ నిజంగా ముందుండే చోట్లు కూడా ఉన్నాయి. చెయ్యి పదిహేను నిమిషాలు పడిపోయి తిరిగి వచ్చేసినప్పుడు, కళ్లు తిరిగి నడక తూలి, మెదడు వెనకభాగంలో పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు సీటీ కంటే అదే నయం. మూతి వంకరపోయిన ప్రతిదీ పక్షవాతం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. నుదురు ముడతలు ఒకవైపు పడకుండా, కన్ను కూడా మూసుకోకుండా ఉంటే అది ఎక్కువగా ముఖనరం వాపు. ఆ తేడా డాక్టరే చూసి చెప్పాలి, వాట్సాప్‌లో ఫొటో పంపితే సరిపోదు.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే తలనొప్పి, “జన్మలో ఇలాంటిది ఎరగను” అనిపించేది, ఇంకో సంగతి. మెదడు పొరల్లో రక్తస్రావం అయిందేమో చూడాలి. 2011లో కెనడా వైద్యులు 3,132 మంది మీద చేసిన అధ్యయనంలో, నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన సీటీ ఒక్కరినీ వదిలిపెట్టలేదు. అన్ని గంటలవీ కలిపి చూస్తే దాదాపు 93 శాతమే పట్టింది. ఆలస్యంగా వెళ్తే సీటీ నార్మల్ అన్నాక కూడా వెన్నునీరు తీయాలంటారు. దానికి భయపడి సంతకం పెట్టకుండా వెళ్లిపోయేవాళ్లు చాలామంది. అది తీస్తే కాళ్లు పడిపోతాయన్నది వట్టి భయం. వెన్నుపాము ఆగిపోయిన చోటికి కిందుగా సూది వేస్తారు.

కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లకి సీటీయే, ఆలోచించక్కర్లేదు. కెనడాలో 2001లో తయారుచేసిన తలదెబ్బ నిబంధన ప్రకారం స్పృహ తప్పడమో, జరిగింది గుర్తులేకపోవడమో ఉన్న మనిషి 3 అడుగుల కంటే ఎత్తునుంచి పడినా, రెండుసార్లు వాంతి చేసుకున్నా, 65 ఏళ్లు నిండినా స్కాన్ తీయాలి. మన దింపు కార్మికులు పడేది 3 అడుగులా! రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లు అరుగు మీంచి జారినా తీయించాల్సిందే.

ఏ స్కానూ వద్దు: కట్లపాము

వానాకాలంలో ఇది మన చేలగట్ల దగ్గర తప్పని సంగతి కనుక విడిగా రాస్తున్నాను. నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది. నొప్పి తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుఝామున కడుపునొప్పి అంటాడు. కాసేపటికి రెప్పలు బరువెక్కుతాయి, గొంతు మారుతుంది, మింగలేడు. ఇంట్లోవాళ్లకి పక్షవాతం అనిపిస్తుంది. సీటీ నార్మల్, ఎంఆర్‌ఐ నార్మల్. ఈలోపు ఊపిరి కండరాలు ఆగిపోతాయి.

రెండు కళ్ల రెప్పలూ వాలిపోవడమే ఇక్కడ పరీక్ష. గాజు ట్యూబులో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా చూసే పరీక్ష ఒకటుంది. అది రక్తపింజరి విషాన్ని పట్టిస్తుంది. కట్లపాము కరిస్తే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. “ట్యూబు టెస్టు బాగుంది, పాము కాదు” అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. ఇక పురుగుమందు కొట్టి వచ్చిన మనిషి నోట నురగ కారుతూ, కంటిపాపలు సూదిమొనంత అయిపోయి, కండరాలు అదురుతుంటే అదీ నరాల జబ్బులాగే కనిపిస్తుంది. డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లండి, ఏ స్కాన్ కన్నా ఆ లేబులే ఎక్కువ చెప్తుంది.

ఫిట్స్: ఈఈజీయా, ఎంఆర్‌ఐయా, ఫోన్‌లో తీసిన వీడియోనా?

ఇది నా సొంత గది, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మొన్న రాజోలు వైపు నుంచి ఒక తల్లి పదకొండేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చింది. పరీక్ష కదా, చక్కగా ఉండాలని తలకి దండిగా కొబ్బరినూనె రాసి, దువ్వి తెచ్చింది. నాకు ఆ తలని చూస్తే ముద్దొచ్చింది, మిషనుకి మాత్రం రాదు. తల మీద కొలతలు వేసి 21 చోట్ల చిన్న ఎలక్ట్రోడ్లు పేస్టుతో అతికించాలి. నూనె ఉంటే ఒక్కటీ నిలవదు, గీత అంతా అల్లిబిల్లిగా వస్తుంది. కుంకుడుకాయతో తల రుద్దించి, ఆరబెట్టి, మొదలెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఒక రకంగా మంచే జరిగింది. ముందురాత్రి నిద్ర చాలక పిల్లాడు మంచం మీదే కునుకు తీశాడు. మెలకువలో శుభ్రంగా ఉన్న గీతలో, నిద్ర పట్టిన నాలుగో నిమిషంలో సూదుల్లాంటి ముల్లులు లేచాయి. మూర్ఛని పట్టించే ఆ ముల్లుల కోసమే మేం చూసేది. అందుకే “రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, పొద్దున్నే లేపండి, తలంటి తీసుకురండి, నూనె వద్దు, మందులు మానకండి” అని ముందే చెప్తాం.

ఇప్పుడు అసలు విషయం. మూర్ఛ ఉన్నవాళ్లలో మొదటి ఈఈజీ దాదాపు సగం మందిలోనే తేడా చూపిస్తుంది. 1987లో వచ్చిన ఒక అధ్యయనంలో మళ్లీ మళ్లీ తీస్తే నాలుగోసారికి అది 92 శాతానికి చేరింది. అంటే ఒక ఈఈజీ నార్మల్ అయినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. తిరగేసి చూస్తే, 13,658 మంది ఆరోగ్యవంతులైన వైమానిక దళ అభ్యర్థులకి తీసిన ఈఈజీల్లో 69 మందికి, అంటే వెయ్యికి ఐదుగురికి, మూర్ఛ లాంటి ముల్లులు కనిపించాయి. ఎప్పుడూ ఫిట్స్ రాని మనిషికి తలనొప్పికో చదువు రావట్లేదనో ఈఈజీ తీయిస్తే ఇలా అనవసరంగా మందుల దారిన పడే ప్రమాదం ఉంది. తలనొప్పికి ఈఈజీ అడగకండి.

మరి దేన్ని నమ్మాలి? కళ్లారా చూసినవాళ్ల మాటని. లేదా ఫోన్ వీడియోని. 2020లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో నిపుణులు కేవలం ఫోన్ వీడియో చూసి ఇది మూర్ఛే అని చెప్పిన మాట, ఆసుపత్రిలో రోజుల తరబడి వీడియో ఈఈజీ పెట్టి తేల్చినదానితో 89 శాతం సరిపోయింది. పైసా ఖర్చు లేని పరీక్ష. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాక, ఇంకొకరు ఫోన్ తీయండి. ముఖం, కళ్లు, రెండు చేతులూ కనబడాలి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది కూడా డాక్టరుకి పెద్ద ఆధారం. ఆగిపోయాక రెండు నిమిషాలు ఇంకా తీయండి, తేరుకునే తీరు కూడా కావాలి. చేతిలో తాళంచెవులు పెట్టే పని మాత్రం మానేయండి, దానివల్ల ఏమీ జరగదు.

ఈఈజీ “ఇది ఏ రకం మూర్ఛ” అని చెప్తే, స్కాన్ “ఎందుకొచ్చింది” అని చెప్తుంది. ఈ రెండూ పోటీ కాదు. పెద్దవాళ్లలో మొదటిసారి ఫిట్స్ వస్తే రెండూ కావాలి. అత్యవసరంలో సీటీ, తీరిగ్గా అయితే ఎంఆర్‌ఐ. మన దేశంలో స్కాన్‌లో ఒకే ఒక్క చిన్న మచ్చ తరచుగా కనిపిస్తుంది. ఒకప్పుడు దాన్ని క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడేవారు, కొందరికి ఆపరేషన్లు కూడా చేసేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు దీన్ని పట్టుదలగా పరిశోధించారు. ఒక్కటే మచ్చ, 20 మిల్లీమీటర్ల లోపు, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు లేవు, రోజురోజుకీ పెరిగే బలహీనత లేదు అంటే అది చాలావరకు బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చినదే అని తేల్చారు. ఎంతమంది తలలు కోతకి గురికాకుండా తప్పించుకున్నాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. “మేం పంది మాంసం ముట్టమండీ” అంటారు చాలామంది. గుడ్లు మట్టి, నీళ్లు, కడగని పచ్చి ఆకుకూరల ద్వారా వస్తాయి.

స్పృహ తప్పి పడిపోయినవాళ్లందరికీ ఫిట్స్ అని కూడా కాదు. నిలబడి, చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్మి పడిపోతే ముందు ఈసీజీ తీయించండి. గుండె లయ తప్పి పడిపోతున్న మనిషికి తల స్కాన్‌లు తీసుకుంటూ కూర్చోవడం చాలా ప్రమాదం. ఆరు నెలలకీ ఐదేళ్లకీ మధ్య పిల్లలకి జ్వరంలో ఒకసారి, కొద్ది నిమిషాలు, ఒళ్లంతా కొట్టుకుని ఆగిపోయే ఫిట్స్ వచ్చి, పిల్ల మళ్లీ మామూలుగా ఆడుకుంటుంటే, ఈఈజీ గానీ స్కాన్ గానీ అక్కర్లేదు. జ్వరం ఎందుకొచ్చిందో చూస్తే చాలు.

తిమ్మిర్లు, మంటలు, నడుంనొప్పి

“నరాల వీక్‌నెస్” అని ఊళ్లో పది ఇంజెక్షన్లు చేయించుకున్నాక మా దగ్గరికి వస్తారు. రెండు పాదాలూ సమానంగా తిమ్మిరెక్కితే ముందు రక్తంలో షుగర్, బీ12, థైరాయిడ్ చూడాలి. తరవాత సన్నని నైలాన్ పోగుతో అరికాలు తాకి చూడటం, ట్యూనింగ్ ఫోర్క్ కాలివేలి ఎముక మీద పెట్టడం. చాలామందిలో అక్కడితో తేలిపోతుంది. నేను చేసే ఎన్‌సీఎస్ ఆ తరవాతే. మంటలు మండిపోతున్నా నా పరీక్ష నార్మల్ రావచ్చు, ఎందుకంటే అది లావు నరాలనే కొలుస్తుంది, మంట మోసుకొచ్చేవి సన్న పోగులు. “మీకేం లేదు” అని ఎవరైనా అంటే నా రిపోర్టుని అడ్డం పెట్టుకోనివ్వకండి.

ఎన్‌సీఎస్ బాగా పనికొచ్చేది ఒక చోట నరం నొక్కుకున్నప్పుడు. భీమవరం వైపు రొయ్యలు వలిచే ఆడవాళ్లు అర్ధరాత్రి చేతులు మొద్దుబారి లేచి విదిలించుకుంటామని చెప్తారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని ఎన్‌సీఎస్‌లో అరగంటలో తెలుస్తుంది. వాళ్లకి మెడ ఎంఆర్‌ఐ తీయించి వేల రూపాయలు వదిలించుకుని రావడం చూస్తే బాధేస్తుంది.

కాళ్లలో మొదలై రెండుమూడు రోజుల్లో పైకి ఎగబాకే చచ్చుదనం వేరు. గిలన్ బారీ అంటారు. మొదటి వారంలో ఎన్‌సీఎస్, వెన్నునీరు రెండూ నార్మల్ ఉండొచ్చు. పరీక్ష కోసం ఆగకుండా ఊపిరి చూసుకునే ఆసుపత్రిలో చేరాలి. నరం తెగిన దెబ్బల్లోనైతే దీనికి భిన్నం. కండరానికి సూది పెట్టి చేసే ఈఎంజీ మార్పులు రెండుమూడు వారాలకి గానీ కనబడవు, తొందరపడి మర్నాడే చేయిస్తే డబ్బు దండగ.

ఇక నడుంనొప్పి ఎంఆర్‌ఐ. “డిస్క్ బల్జ్” అన్న మాట చూసి మంచాన పడ్డవాళ్లు ఎందరో. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లని పోగేసి 2015లో చేసిన సమీక్షలో 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతానికి డిస్క్ ఉబ్బు ఉంది, 80 ఏళ్లకి 84 శాతానికి. జుట్టు నెరిసినట్టే ఇది. కానీ నొప్పితోపాటు మూత్రం తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, పిరుదుల దగ్గర స్పర్శ పోవడం ఉంటే అదే రోజు ఎంఆర్‌ఐ తీయించండి, అప్పుచేసైనా.

నెలల తరబడి వచ్చేవి: మతిమరపు, వణుకు

ఇక్కడ తొందర లేదు, కాబట్టి డబ్బు బాగా ఖర్చుపెట్టించేది ఇక్కడే. పెద్దాయన దారి మరిచిపోతున్నాడంటే ముందు బీ12, థైరాయిడ్, వాడుతున్న మందుల చీటీ, వినికిడి, మనసు దిగులు చూడాలి. ఆపైన ఒక స్కాన్. మూడు వారాల క్రితం తలకి తగిలిన చిన్న దెబ్బకి లోపల రక్తం నెమ్మదిగా చేరడం, మెదడులో నీరు చేరడం ఆపరేషన్‌తో బాగయ్యేవి. వాటిని మామూలు సీటీ కూడా చూపిస్తుంది.

అల్జీమర్స్‌కి రక్తపరీక్ష వచ్చిందని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. నిజమే. పీ-టౌ217 అనే ప్రొటీన్‌ని కొలిచే రక్తపరీక్ష ఒకదానికి 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2024లో స్వీడన్‌లో 1,213 మంది మీద వచ్చిన అధ్యయనంలో ఇలాంటి రక్తపరీక్ష దాదాపు 91 శాతం సరిగ్గా చెప్తే, మామూలు డాక్టర్లు 61 శాతం, నిపుణులు 73 శాతం సరిగ్గా చెప్పగలిగారు. వీళ్లంతా మతిమరపుతో ఆసుపత్రికి వచ్చినవాళ్లు. అది మరిచిపోకూడదు.

ఎందుకో వల లెక్కలో చెప్తాను. సన్న కన్ను వల వేస్తే ఒక్క చేప తప్పించుకోదు, నాచూ చెత్తా కూడా వస్తాయి. పెద్ద కన్ను వలకి చెత్త రాదు, చిన్నచేప జారిపోతుంది. ఏ పరీక్షకైనా ఈ రెండు గుణాలూ అడగాలి: జబ్బున్నవాళ్లలో ఎందరిని పడుతుంది, లేనివాళ్లలో ఎందరిని వదిలేస్తుంది. రెండూ 90 శాతం ఉన్న పరీక్షని వెయ్యిమందికి చేశామనుకుందాం. అందులో 20 మందికే జబ్బుంది. పరీక్ష 18 మందిని పడుతుంది. జబ్బు లేని 980 మందిలో 98 మందిని కూడా పడుతుంది. అంటే “ఉంది” అన్న 116 మందిలో నిజంగా ఉన్నది 18 మందికే. లక్షణాలున్నవాళ్లకి గొప్పగా పనిచేసే పరీక్ష, హెల్త్ చెకప్ ప్యాకేజీలో పెడితే ఇలా భయపెట్టే పరీక్ష అవుతుంది. మెదడు ఎంఆర్‌ఐ కూడా అంతే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2,000 మంది మామూలు జనానికి తీస్తే, 7.2 శాతానికి వాళ్లకే తెలియని పాత పక్షవాతం మచ్చలు, 1.8 శాతానికి రక్తనాళం ఉబ్బు కనబడ్డాయని 2007లో ప్రచురించారు. లక్షణం లేకుండా “ఒకసారి చూసేద్దాం” అని తల స్కాన్ తీయించుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

వణుకు సంగతి కొస్తే, పార్కిన్సన్‌ని ఇప్పటికీ చూసి, నడిపించి, చెయ్యి తిప్పించి తేల్చాల్సిందే. మామూలు ఎంఆర్‌ఐ వేరే కారణాలు లేవని చెప్పడానికే. అలా చూసి తేల్చిందీ ఒక్కోసారి తప్పు కావచ్చు: 1992లో లండన్‌లో పార్కిన్సన్ అని డాక్టర్లు తేల్చిన 100 మంది మెదళ్లని మరణానంతరం చూస్తే 76 మందికే అది రుజువైంది. అందుకే అనుమానం మిగిలితే, మెదడులో కదలికలని నడిపే డోపమిన్ అనే రసాయనం పనితీరు చూసే ట్రోడాట్ లాంటి స్కాన్ ఉంది. 2023లో, పార్కిన్సన్‌లో మెదడులో పేరుకునే సైన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ని వెన్నునీటిలో పట్టే పరీక్ష 1,123 మంది పాల్గొన్న పరిశోధనలో జబ్బున్నవాళ్లలో దాదాపు 88 శాతాన్ని పట్టింది. వణుకంతా పార్కిన్సన్ కాదు. టీ కప్పు ఎత్తినప్పుడు వణికే చెయ్యి ఒకటి, ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికే చెయ్యి ఇంకొకటి. డాక్టరు దగ్గర రెండూ చేసి చూపించండి.

పరిశోధనలో భాగంగా ఏదైనా కొత్త పరీక్ష చేస్తామంటే మంచిదే, అందరూ కాదంటే పైన చెప్పిన అంకెలు ఏవీ వచ్చేవి కావు. అది కొత్త మందుతోనో చికిత్సతోనో ముడిపడిన ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో (మన దేశంలో ట్రయల్స్‌ని నమోదుచేసే ప్రభుత్వ జాబితా) నమోదైన నంబరు అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, మధ్యలో మానుకునే హక్కు అందులో రాసుందా చూడండి. పరిశోధన పేరుతో మీ దగ్గరే డబ్బు అడిగితే ఆగి ఆలోచించండి.

స్కాన్‌కి బయల్దేరే ముందు

సీటీకి ఎక్స్‌రే కిరణాలు తప్పవు. ఒక తల సీటీలో పడేది దాదాపు 2 మిల్లీసీవర్టులు, ఇంచుమించు ఏడాదిలో మట్టినుంచీ గాలినుంచీ మనకి సహజంగా వచ్చేంత. కావలసినప్పుడు భయపడక్కర్లేదు, ఊరికే మళ్లీ మళ్లీ తీయించొద్దు. ఎంఆర్‌ఐకి ఆ కిరణాలు లేవు, గుండెలో పేస్‌మేకరు, చెవిలో మిషను, కంట్లో ఇనుప రజను ఉంటే మాత్రం ముందే చెప్పాలి. వెల్డింగ్ పనివాళ్లు ఈ ఆఖరిది తప్పక చెప్పండి. 3 టెస్లా (మిషనులోని అయస్కాంతం బలం) అని ఎక్కువ డబ్బు అడిగితే, చాలా జబ్బులకి 1.5 టెస్లా సరిపోతుంది. మందు ఎక్కించి తీసేదైతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్లండి. పాత ఫిల్ములు, సీడీలు పారేయకండి. రెండేళ్లనాటి మచ్చ పెరిగిందా లేదా అన్నది కొత్త స్కాన్ ఒక్కటీ చెప్పలేదు. చేతిలో డబ్బు లేకపోతే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతో కాకినాడ, రాజమండ్రి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడగండి, అక్కడ న్యూరో డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో ముందు కనుక్కుని వెళ్లండి.

మా నాన్న ఇప్పుడు ఎడంచేత్తో టీ తాగుతాడు. మా బీరువా తలుపుకి లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంది. రాత్రిపూట సీటీ నడిచే రెండు ఆసుపత్రుల ఫోన్ నంబర్లు, ఇంటినుంచి కారులో ఎన్ని నిమిషాలు, అమ్మా నాన్నా వాడే మందుల పేర్లు. ప్రతి సంక్రాంతికీ ఆ నంబర్లకి ఫోన్ చేసి, “ఇంజెక్షన్ స్టాకు ఉందాండీ?” అని అడిగి, పక్కన తేదీ వేస్తాను.